గట్టు మీద మనిషి ఉండగా: నాగాయలంక రేవులో అక్క పడవ ఎక్కిన రోజు

మా అక్క విజయకు ముప్పై అయిదేళ్లు. దివిసీమలో పుట్టింది, గుడివాడలో మిషను కుట్టుకుంటూ బతుకుతోంది. చుట్టూ ఏటి నీళ్లే, అయినా తన కాళ్ల మీద పడవ ఎక్కింది ఒక్కసారీ లేదు. పసితనంలో పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. ఇనప పట్టీల బూటు, రెండు చంక కర్రలు, వాటితోనే నడక. పదేళ్లప్పుడు లంకలో పెళ్లికి వెళ్తుంటే రేవులో చుట్టం ఒకాయన చెప్పా పెట్టకుండా వడ్ల బస్తాను ఎత్తినట్టు ఎత్తి పడవలో దించాడట. గౌను పైకి లేచిపోయింది. పడవంతా చూసింది. అవతలి ఒడ్డు వచ్చేదాకా తల ఎత్తలేదని అమ్మ చెబుతుంది. ఆ తర్వాత అక్క ఏ రేవు మొహమూ చూడలేదు.

అలాంటి మనిషి కిందటి నెల తనే ఫోను చేసింది. నాగాయలంక నుంచి కృష్ణలో కిందికి తిప్పే రెండంతస్తుల పడవ వీడియో చూసిందట. పాటలు, డాన్సులు, భోజనం, మడ అడవులు అన్నీ ఉన్నాయట. "తీసుకెళ్తావేంట్రా చంటీ? ఒకటే షరతు. ఎవడూ నన్ను ఎత్తకూడదు. ఎవడన్నా చెయ్యి వేశాడా, వెనక్కి తిరిగి బస్సెక్కేస్తా" అంది. సరే అన్నాను. నేను బందరులో రోల్డుగోల్డు షాపులో, నగలకు బంగారు పూత పట్టించే తొట్టి దగ్గర పనిచేస్తాను. పది తప్పాను, ఈ రాయడం ఫోనులో చదివి చదివి పట్టుకున్నదే. కోపం ఎక్కువని షాపులో అందరికీ తెలుసు. మీరూ ఇలాంటి ప్రయాణం అనుకుంటుంటే, ముఖ్యంగా ఇంట్లో నడవలేని మనిషి ఉంటే, ఇది మీ కోసమే రాస్తున్నాను. పడవ వాళ్ల పేరు రాయను. పొగడటానికీ కాదు, పరువు తీయడానికీ కాదు.

బుకింగ్ ఫోనులోనే చేశాను. మనిషికి తొమ్మిది వందల యాభై, భోజనంతో కలిపి. మా అక్క చంక కర్రలతో వస్తుంది, ఎక్కడానికి వీలుంటుందా అని అడిగితే అవతలివాడు తేనె పూసినట్టు "సౌకర్యం ఉందండీ" అన్నాడు. ఏం సౌకర్యమో అడగలేదు. అడగాల్సింది. అక్క ముందురోజు సాయంత్రమే గుడివాడ నుంచి ప్యాసింజరు రైల్లో బందరు వచ్చేసింది. నాతో పనిచేసే జానీ బాషా, ఆదివారం నా బదులు తొట్టి చూసుకోవడానికి ఒప్పుకున్నవాడు, ఆ రాత్రి మా గదికి వచ్చి కర్రలు తిరగేసి చూశాడు. అడుగున రబ్బరు అరిగి నున్నగా ఉంది. "తడి చెక్క మీద ఇది జారుద్దక్కా" అని, ఎక్కడ సంపాదించాడో కొత్త రబ్బరు బుష్‌లు తెచ్చి బిగించి వెళ్లాడు. ఆ రోజు మొత్తంలో నేను మొదట దణ్ణం పెట్టుకోవాల్సింది వాడికే.

బందరు బస్టాండులో ఆరున్నరకు పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అక్కకు సున్నా టికెట్టు, నాకు డెబ్బై చిల్లర. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరడానికి రెండు గంటల లోపే పట్టింది. కండక్టరు అక్క కర్రలు చూసి ముందు సీటు ఖాళీ చేయించాడు, అందులో కూర్చున్నాయన గొణగలేదు కూడా. చల్లపల్లి దాటాక రెండు పక్కలా కోసిన చేలు, మంచు, కాలవ గట్ల మీద కొంగలు. అవనిగడ్డలో బస్సు కాసేపు ఆగితే కిటికీలోంచే పొట్లం ఇడ్లీ కొన్నాను. అక్క తినలేదు. నీళ్లు కూడా తాగలేదు. పడవలో మరుగుదొడ్డి ఎలా ఉంటుందోనని తన భయం. ఆ సంగతి కూడా ఫోనులో అడగాల్సిందే. (ఉంది. కింది అంతస్తులో, తలుపు వెడల్పుగా, శుభ్రంగా ఉంది. మీరు హాయిగా ఇడ్లీ తినండి.)

నాగాయలంకలో బస్సు దిగాక రేవు దాకా ఆటో. రేవంటే సిమెంటు అరుగు, దాని పక్కన నీళ్లలోకి దిగే మెట్లు. పడవ కట్టేసి ఉంది. పోస్టర్లో క్రూజ్ షిప్ అని రాశారు గానీ నిజానికి అది రంగు వేసిన పెద్ద లాంచీ. అయినా బాగుంది, అబద్ధమెందుకు. ఆటో దిగిన మరుక్షణం నేను చూసింది మాత్రం దాని రంగు కాదు. అరుగుకు పడవ డెక్కు బాగా కిందుంది. మధ్యలో ఒక చెక్కబల్ల. ఆ బల్ల పిల్లలు జారే జారుడుబండలా ఏటవాలుగా ఉంది. మామూలు మనుషులే తాడు పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగుతున్నారు. చంక కర్రల మీద నడిచేవాళ్లకు ఏటవాలు ఎక్కడం పర్వాలేదు, దిగడమే ప్రాణసంకటం. ఒంటి బరువంతా ముందుకు తోస్తుంది.

మెడలో కార్డు, చేతిలో వాకీటాకీతో మేనేజరు వచ్చాడు. బయటూరి మనిషి, నా వయసే ఉంటుంది. సౌకర్యం ఏదని అడిగాను. అతను వెనక్కి తిరిగి ఇద్దరు దిట్టమైన మనుషులను పిలిచాడు. వాళ్లే సౌకర్యం. ఒకడు కాళ్ల వైపు, ఒకడు చేతుల వైపు. రోజూ చేస్తాం సార్, రెండు నిమిషాల పని అన్నాడు. అక్క కర్రలు రెండూ దగ్గరికి లాక్కుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు నాకు అర్థమైంది. ఇంకో అడుగు పడితే బస్టాండే.

నేను మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో అన్నీ రాయలేను, కొన్ని రాయకూడదు. మనిషిని సామాననుకున్నారా, ఫోనులో అబద్ధం ఎందుకు చెప్పారు, డబ్బులు వెనక్కి ఇవ్వండి. మేనేజరు కూడా గొంతు పెంచాడు. పది గంటలకు పడవ కదలాలి, లోపల యాభై మంది కూర్చున్నారు, మీ ఒక్కరి కోసం ఏం చేయమంటారన్నాడు. అప్పుడు పడవ నడిపే సరంగు పై నుంచి తొంగిచూశాడు. నడివయసు మనిషి, లుంగీ పైకి కట్టి, నోట్లో పుల్ల.

"పోటు మొదలైందండి. సముద్రం నీళ్లు పైకొస్తన్నాయి. గంటన్నర ఆగితే డెక్కే రేవు దగ్గరికి లేచుద్ది, బల్ల సమానంగా పడుద్ది" అన్నాడు.

గంటన్నరా అని మేనేజరు నోరు తెరిచాడు. పడవ మెట్ల మీదికి ఇద్దరు ముగ్గురు ప్రయాణికులు వచ్చి ఏం జరుగుతోందని చూస్తున్నారు. వాళ్లు ఏమంటారో నాకు ముందే తెలుసనుకున్నాను. గంటన్నర ఎవరాగుతారు? అందుకే వాళ్లు నోరు తెరవకముందే వాళ్ల మీద కూడా అరిచాను. మీ ఇంట్లో మనిషైతే ఇలాగే చూస్తారా అని. పాపం, వాళ్లు అప్పటిదాకా ఏమీ అనలేదు.

పడవలో గట్టు వైపు సీట్లో ఒక పెద్దామె కూర్చుని ఉంది. ఎదురుమొండి లంక నుంచి వచ్చింది, పేరు సామ్రాజ్యం. ఊరు చూడటానికొచ్చిన చుట్టాలను వెంటబెట్టుకుని తిప్పుతోందట. ఆమె నన్ను పట్టించుకోలేదు. నేరుగా మేనేజరుతోనే మాట్లాడింది.

"బాబూ, నువ్వెవరో మాకు తెలవదు గానీ, మా లంకల్లో గట్టు మీద మనిషి కనపడతా ఉండగా పడవ తీయరు. పెళ్లికొడుకున్న పడవైనా సరే, ఆగుద్ది."

ఇది మా వైపు నిజంగా ఉన్న మాటే. చిన్నప్పుడు నేనూ విన్నాను. లంకకు ఆఖరి పడవ తప్పిపోతే ఆ మనిషికి ఆ రాత్రి ఇల్లు లేదు. అందుకే దూరంగా ఎవరో చెయ్యి ఊపుకుంటూ వస్తున్నారంటే సరంగు ఇంజను తగ్గిస్తాడు. తెలిసినవాడా కాదా, బాకీవాడా పగవాడా అని చూడడు. కానీ అది ఊరి పడవ సంగతి. టికెట్టు కొన్న పడవకు అది వర్తిస్తుందని నేను అనుకోలేదు.

మేనేజరు మైకు తీసుకుని అభిప్రాయం అడిగాడు. అందరూ ఒక్క గొంతుతో సరేనన్నారని రాస్తే అది సినిమా అవుతుంది. గుడివాడ అత్తారింటికి వచ్చిన హైదరాబాదు అల్లుడుగారు ఒకాయన, గళ్ల చొక్కా, లేచి నిలబడ్డాడు. పొద్దున్నే పిల్లలను లేపి తీసుకొచ్చాం, భోజనం ఆలస్యమవుతుంది, ఎండెక్కుతుంది, ఒక్కరి కోసం ఇంతమంది ఇబ్బంది పడటం న్యాయమా అన్నాడు. మాట మర్యాదగానే అన్నాడు. ఇంకో ఇద్దరు తలూపారు. ఆయన మీదికి వెళ్లడానికి నేను బల్ల మీద ఒక కాలు పెట్టాను కూడా.

"అల్లుడుగారూ, అత్తారింటికొచ్చినోళ్లకు తొందరేంటండీ? పొద్దున తిన్నవి ఇంకా అరగనే లేదుగా" అంది సామ్రాజ్యమ్మ.

పడవంతా నవ్వింది. ఆయన భార్య అందరికంటే గట్టిగా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, కూర్చున్నాడు. దారిలో ఇసుక దీవిలో దిగి తిరగడానికిచ్చే గంటను అరగంట చేస్తామని, పాటలు ఇక్కడే మొదలుపెడతామని మేనేజరు చెప్పాడు. సరంగు ఒక్క మాట కలిపాడు. తిరిగి మూడింటి లోపల రేవుకు రాకపోతే పాటు తీసి నీళ్లు మళ్లీ కిందికి పోతాయి, అమ్మగారు దిగడానికి మళ్లీ ఇదే బాధ. అందుకే అరగంటంటే అరగంటే.

ఇక ఎక్కించడం గురించి నా అభిప్రాయం. బుకింగు వాళ్లకు సున్నా మార్కులు. పడవలో కూర్చున్నవాళ్లకు మాత్రం నేను మార్కులు వేయలేను. ఆ గంటన్నర వాళ్లు కట్టేసిన పడవలో, ఎండలో, స్పీకరు మోతలో కూర్చున్నారు. ఎవరో కొబ్బరిబొండాలు పైకి పంపారు. ఎవరో అక్కకు అరుగు మీదికి ప్లాస్టిక్ కుర్చీ అందించారు. నేను మెట్లు చూస్తూ కూర్చున్నాను. నాచు పట్టిన ఒక మెట్టు మునిగింది, తర్వాత ఇంకోటి. నీళ్లు రావడం కనపడదు, వచ్చాక కనపడుతుంది. బల్ల కొన మెల్లగా పైకి లేచి చివరికి దాదాపు చదునుగా పడింది. అక్క కుర్చీలోంచి లేచింది. కొత్త రబ్బరు చెక్క మీద గట్టిగా పట్టింది. ఒక కర్ర, రెండో కర్ర, కాలు. మళ్లీ ఒక కర్ర. నేను వెనక నడిచాను, చేతులు జేబులో పెట్టుకుని. డెక్కు మీద అడుగు పెట్టాక అక్క వెనక్కి తిరిగి నా వంక చూడలేదు, నీళ్ల వంక చూసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సామ్రాజ్యమ్మ కొంచెం జరిగి చోటిచ్చి, "ఏ ఊరమ్మా" అని అడిగింది. అంతే. ఆ అంతేకే నాకు కళ్లు మండాయి.

వినోదం సంగతి చెప్పాలి. గుడివాడ నుంచి వచ్చే ఆర్కెస్ట్రా బృందం, ఒక గాయకుడు, ముగ్గురు డాన్సు అమ్మాయిలు, యాంకరు ప్రసన్న. గాయకుడు బాగా పాడతాడు. కానీ స్పీకర్లు ఎంత మోతంటే మడ చెట్ల మీది పక్షులు మాకంటే ముందే అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాయి. తంబోలా ఆడించారు. గెలిచినవాళ్లకు ప్లాస్టిక్ డబ్బా. ఒకే పాట మూడుసార్లు వేశారు. ఇవన్నీ క్షమిస్తాను. పడవ కదిలిన కాసేపటికి ప్రసన్న మైకులో, "ఇప్పుడు మన మధ్య ఒక హీరో ఉన్నారు, కాళ్లు లేకపోయినా" అని మొదలుపెట్టి అక్క ముందుకొచ్చి మైకు చాచింది. నేను లేచాను. అక్క నా చొక్కా కొస పట్టి కిందికి గుంజింది. ఇంకో చేత్తో మైకు మూసేసింది. ఆ తర్వాత మా ముగ్గురికే వినపడేలా అంది.

"కాళ్లున్నాయమ్మా, అవి కనపళ్లేదు నీకు. నాకు మాత్రం నీ జాకెట్టు చంక కింద కుట్టు విడిపోవడం కనపడతంది. ఆ మైకు ఎవరికన్నా ఇచ్చేసి ఆ తెర వెనక్కి పద."

ప్రసన్న చెయ్యి గభాలున దించేసుకుంది. పిల్ల ముఖం చూస్తే నా కోపం సగం చచ్చిపోయింది. ఇద్దరూ అక్కడే, కింది అంతస్తులో వంటగది తెర వెనక కూర్చున్నారు. అక్క సంచీలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. వంట చేసే బుజ్జిబాబుగారు పండుగప్ప చేప పులుసు దించుతూ, తెర వెనక జరిగే తగవు నాకు విడతలవారీగా వినిపించాడు. చెయ్యెత్తితే చిరిగేలా ఎవడు కుట్టాడని అక్క అడిగిందట. గుడివాడలోనే అక్కా అని ఆ పిల్ల అందట. చంక కింద చిన్న ముక్క వేయకుండా డాన్సు జాకెట్టు కుట్టినవాడికి మిషను ఎవరిచ్చారని అక్క మళ్లీ మండిపడిందట. "మీ అక్కగారికి మీ కంటే కోపం ఎక్కువ లాగుందండీ" అన్నాడాయన. పులుసు, రొయ్యల వేపుడు, గోంగూర, వేడన్నం, అడిగినంత వడ్డించారు. భోజనానికి మాత్రం వంకపెట్టలేను. పొద్దుట్నుంచి నీళ్లు ముట్టని అక్క రెండుసార్లు పెట్టించుకుంది. పైకి వెళ్లాక ప్రసన్న స్పీకరు సగానికి తగ్గించింది, అక్క చెప్పిందట. అప్పుడు కింద నీళ్లు పడవకు తగిలే చప్పుడు మొదటిసారి వినపడింది.

మడ అడవుల పక్కన ఇసుక దీవి దగ్గర పడవ ఆపారు. అక్క దిగనంది. ఎక్కడమే తన కోరిక, దిగడం కాదు. నేను దిగుతుంటే మేనేజరు వచ్చి, అక్క బల్ల మీద నడుస్తున్నప్పుడు ఫోటో తీశామని, తమ పేజీలో పెట్టుకుంటామని, మంచి రివ్యూ రాయమని అడిగాడు. ఆ ఫోటో అక్కడికక్కడే డిలీట్ చేయించాను. ఆ ఊపులో ఎవరితోనూ మాట్లాడకుండా ఇసుకలో గబగబా నడిచి మలుపు దాటి వెళ్లిపోయాను. ఎర్ర పీతలు గుంపులు గుంపులుగా బొరియల్లోకి దూరుతున్నాయి. వాటిని చూస్తూ ఇంకాస్త ముందుకు నడిచాను. గాలి ఎదురుగా ఉంది, హారను వినపడలేదు. ఎంతసేపైందోనని ఫోను చూసుకున్నాను. అరగంట దాటిపోయి మరో అరగంట కావస్తోంది. మూడింటి లోపల రేవు. సరంగు మాట గుర్తొచ్చింది. నేనిక్కడ ఆలస్యం చేసేకొద్దీ రేవులో అక్క దిగాల్సిన బల్ల ఒరిగిపోతోంది.

అడ్డదారి అని నీళ్ల అంచున పరుగెత్తాను. వచ్చేటప్పుడు చీలమండల దాకా నీళ్లున్న చోటు ఇప్పుడు ఒండ్రు బురద. మోకాలి దాకా దిగబడ్డాను. మలుపు తిరిగితే పడవ ఉంది. ఇంజను ఆడుతోంది గానీ కదల్లేదు. అందరూ ఎక్కేసి ఉన్నారు. పై అంతస్తు నుంచి ఎవరో, అడుగో అన్నారు. మేనేజరు చేతి గడియారం చూసుకుంటూ తిరుగుతున్నాడు. పడవ తీసేద్దామన్నాడట కూడా, అవసరమైతే చిన్న పడవ పంపిద్దామని. అక్క కడ్డీ పట్టుకుని నిలబడి, గట్టు మీద మనిషి ఉన్నాడు, తీయడానికి వీల్లేదందట. ఆలస్యమైతే దిగడం మీకే కష్టమండీ అంటే, నా సంగతి నేను చూసుకుంటానందట. ఇవన్నీ తర్వాత సామ్రాజ్యమ్మ చెప్పింది. అప్పుడు మాత్రం నాకు కనపడింది ఆ ఇద్దరు దిట్టమైన మనుషుల్లో ఒకడూ, గళ్ల చొక్కా అల్లుడుగారూ బురదలోకి దిగడం. ఆయన మంచి ప్యాంటు పైకి మడుచుకోను కూడా లేదు. చెరో చంక కిందా చేతులు పెట్టి, చెప్పులు బురదలోనే వదిలించి, నన్ను పైకి లాగి, మోసుకెళ్లి డెక్కు మీద దించారు.

నేను ఊపిరి తీసుకునే లోపే స్పీకరులో అక్క గొంతు. మైకు ఎప్పుడు తీసుకుందో.

"ఇప్పుడు మన మధ్య ఒక హీరో ఉన్నాడు. బందరు నుంచి వచ్చాడు. బస్తాలా ఎత్తి తెచ్చారు."

పడవంతా చప్పట్లు. అల్లుడుగారు కూడా, బురద చేతులతో. నాకు కోపం రాలేదు. తల మాత్రం ఎత్తలేకపోయాను, రేవు దగ్గరపడేదాకా.

రేవు చేరేసరికి మూడు దాటింది. పాటు తీసి నీళ్లు తగ్గాయి, బల్ల పైకి ఏటవాలుగా పడింది. అక్క ఒకసారి బల్ల వంక, ఒకసారి నా బురద కాళ్ల వంక చూసింది. ఎక్కడమే కదరా, దిగడం కాదుగా అని కర్ర ముందుకు వేసింది. వెనకున్నవాళ్లెవరూ తోయలేదు, ముందున్నవాళ్లెవరూ చెయ్యి చాచలేదు. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది. యాభై మందీ ఆగారు. సిమెంటు అరుగు మీద కర్ర ఠక్కున తగిలాక సరంగు ఇంజను ఆపాడు.

నేను ఆ రోజు బందరులో బస్సెక్కేటప్పుడే తగవు సిద్ధం చేసుకుని వెళ్లాను. లోకం మా అక్కను బస్తాలాగే చూస్తుందని నా లెక్క. కొంత నిజమే, ఫోనులో సౌకర్యం ఉందని చెప్పినవాడి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ పేర్లు కూడా తెలియని వాళ్లు ఎండలో కూర్చుని నీళ్లు పైకి రావడం కోసం ఎదురుచూశారు. నేను అరిచింది మనసులో పెట్టుకోకుండా మళ్లీ నా కోసమూ ఎదురుచూశారు. మొదటిసారి అక్క గట్టు మీదుంది, రెండోసారి నేనున్నాను. పడవ రెండుసార్లూ ఆగింది. తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని, వచ్చేసారి ప్రసన్న జాకెట్టుకు గుడ్డ ఏ రంగు వేస్తే బాగుంటుందో ఆలోచిస్తోంది. వచ్చేసారి అంది. నేను విన్నాను. చెప్పులు లేని కాళ్లు సీటు కిందికి లాక్కుని కూర్చున్నాను.

మీరు వెళ్లేట్టయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బుక్ చేసేటప్పుడు సౌకర్యం ఉందా అని అడగకండి, ఉందనే అంటారు. ఆ రోజు పోటు ఎన్నింటికి నిండుతుందో సరంగును అడిగి చెప్పమనండి. అది రోజురోజుకూ ఇంచుమించు గంట ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్నటి సమాధానం ఇవాళ పనికిరాదు. నీళ్లు నిండే వేళకు కాస్త ముందు ఎక్కి, బాగా తీయకముందే దిగేలా చూసుకోండి. బస్సు ఆలస్యమైతే రేవులో పరుగెత్తి కాళ్లు విరగ్గొట్టుకోకండి. గట్టు మీద కనపడేట్టు నిలబడి చెయ్యి ఊపండి, చాలు.